దొరసానమ్మ మనిషి

జ్యేష్ఠం, ఏరువాక పున్నమ

ఈ బుక్కు దొరసానమ్మ ఇచ్చింది. "మంగళారతులు రాసిపెట్టు ఈదీ, నీ అచ్చరం నాకంటె గుండ్రంగుంటది" అన్నది. ముందటి కాగితాలల్ల పాటలే రాసిన. గీడికెల్లి నాకోసం రాసుకుంట. పగటీలి ఆమె పండుకున్నప్పుడు విసనకర్ర నా బిడ్డ సుక్క చేతికిచ్చి కిటికీ కింద కూసుంట.

ఆలంపూర్ల పంతులు ఆమెకు చదువు చెప్తుంటె ఎనుక నిలవడి విసిరింది నేనే. ఆమె పలక మీద దిద్దితె నేను గాలిల దిద్దిన. పెండ్లయి ఆమె దేవరకొండ దిక్కు ఈ గడికి వచ్చిననాడు పందిరిమంచం, ఇత్తడి గంగాళాలు, పాడి బర్లు, నేను, అన్నీ ఒక్క బండ్ల వరుసల వచ్చినం. అప్పుడు నాకు పండ్లూడే వయసు. గప్పటిసంది గడి గోడ దాటి బయట అడుగు పెట్టలే. దొరసానమ్మ సుత పెట్టలే. నిర్మలమ్మ దొరసాని గోళ్లు సుత బయటి మొగోడు చూడలేదని ఊర్ల గొప్పగ చెప్పుకుంటరట.

ఇయ్యాల తలంటు. కుంకుళ్ల నురుగు కడిగి, సాంబ్రాణి వేసి, జుట్టు ఎండకు ఆరవోసిన. పీట మీద కూసుంటె కొసలు నేలను తాకుతయి. ఎండల ఆ నలుపు నెమలి మెడ లెక్క మెరుస్తది. ఇన్నేండ్లయింది, చేతుల పట్టుకున్నప్పుడల్ల నాకు ఊపిరాగినట్టయితది. దేవుడు కొందరిని తీరుబడిగ చేస్తడేమో.

దువ్వుతుంటె తన బిడ్డ సంగతి అన్నది: "మంజులత పెండ్లి ఖాయమయింది. పాలమూరు దిక్కు పెద్ద గడి. కార్తీకంల ముహూర్తం. ఎంట దాసిగ సుక్కను ఇస్తమని దొర మాటిచ్చిండు."

నా చేయి ఆగలే. దువ్వెన దిగుతనే ఉన్నది.

సుక్కకు మంచిదే. మంజులతమ్మ మెత్తని పిల్ల. ఇద్దరు ఒక్క వాకిట్ల ఆడుకున్నోళ్లే. ఇద్దరి ముక్కు పక్కపక్కన పెట్టి చూస్తె గుడ్డోనికి సుత తెలుస్తది. గడిల అందరికి ఎరుకే. గది నేను రాయ.


జ్యేష్ఠం, బహుళ ఏకాదశి

సుక్కకు జడలల్లుడు నేర్పుతున్న. చేయి తొందరగ తిరిగింది. మంచిదే.


ఆషాఢం, శుద్ధ దశమి

దొర పట్నం పోయిండు. దొరల మీదికి లేసిన సంగపోళ్లు రోడ్లు తవ్వుతాండ్రని, ఇంక ఆలస్యం చేస్తె మోటరు కదలదని తొందర పెట్టిండు. మంజులతమ్మను ఎక్కించిండు. కాగితాల పెట్టె, వెండి పెట్టె ఎక్కించిండు. దొరసానమ్మ ముసుగేసుకొని మెట్ల మీద నిలవడ్డది. "మోటరు మళ్ల పంపుత, ఆడోళ్లంత తయారుగుండుండ్రి" అని చెప్పి పోయిండు.

లోపలికొచ్చి మంచం మీద కూసున్నది. పాదాలు ఒత్తుతుంటె అన్నది: "పెట్టెకు జాగా దొరికింది ఈదీ."

ఇంకో పాదం ఒడిలకు తీసుకున్న.


ఆషాఢం, పున్నమ ఎల్లిన తెల్లారి

మోటరు రాలే. దర్వాజ కాడ కాపలా ఉండే ఐలేశం చెప్పిండు, చెరువు కట్ట కాడ రోడ్డును మనిషి లోతు తవ్విండ్రట. గిప్పుడు గడిల దొరసానమ్మ, నేను, సుక్క, వంట చేసే ముసలామె, ఐలేశం. గింత పెద్ద గడిల మా అడుగుల చప్పుడు మాకే కొత్తగుంది.


ఆషాఢం, బహుళ పంచమి

జరిగింది జరిగినట్టు రాయాలె.

పొద్దుగాల సంగపోళ్లు గడిలకు వచ్చిండ్రు. తుపాకులు పట్టుకొని, చెప్పులతోటి. గీ వాకిట్ల చెప్పులేసుకున్న ఊరోన్ని నేను ఎన్నడు చూడలే. ఆ చెప్పుల చప్పుడుకు వాకిలంత మోగింది. పిడుగు పడుతదని ఎదురుచూసిన. పడలే. ఎండ ఎప్పటి లెక్కనే కాసింది.

వాండ్ల పెద్దమనిషి పేరు నర్సింహ. వాకిట్ల నిలవడి, "పాతరలు తెరుస్తం. గింజలు ఊరోళ్లయి. ఆడోళ్ల జోలికి ఎవ్వలు రారు, భయపడకుండ్రి" అన్నడు. దొరసానమ్మ పరదా ఎనుక కూసున్నది. తాళపుచేతులు నా చేతికిచ్చింది. ఒక్కటి సుత అట్టిపెట్టుకోలే.

తాళాలు ఇయ్యబోతె తీసుకున్నది ఆడమనిషి. చీర కాసె కట్టి, పైన మొగోళ్ల అంగీ. భుజానికి తుపాకి. నా ఈడుదే. పేరు సైదమ్మట. నన్ను కిందికెల్లి మీదికి చూసి అడిగింది:

"నీ పేరేంది?"

"దొరసానమ్మ మనిషిని."

"గది కాదు. పేరు."

"ఈదమ్మ."

"కూసో ఈదమ్మా" అని దొర కుర్చీ చూపించింది. నేను కూసోలే. ఆమె నవ్వలే, కోపం చేయలే. తన బొటనవేలు నా ముంగట పెట్టింది. "నేను సుత గడిలనే పుట్టిన. కాళ్లు ఒత్తి ఒత్తి ఇట్ల వంకరవోయింది. చూడు" అన్నది.

నా వేలు చూసుకున్న. అదే వంకర.

గా వేలితోటే ఆమె తుపాకి పట్టుకున్నది. పాతరలు తెరిచి గింజలు పంచిండ్రు. మాలోళ్లు, మాదిగోళ్లు, గొల్లోళ్లు, ముసలోళ్లు, అందరు ముందటి దర్వాజల నుంచే వచ్చిండ్రు. సుక్క స్తంభం పట్టుకొని నోరు తెరిచి చూస్తనే ఉన్నది. నేను సుత.

పోయేటప్పుడు సైదమ్మ నా కాడికొచ్చింది. "ఇప్పుడు వెట్టి లేదు, బానిస లేదు. నీ బిడ్డను తీసుకొని రా" అన్నది.

"దొరసానమ్మ తల ఎవరు దువ్వుతరు?" అన్న.

"సరే," అన్నది. "ఎన్నడన్న బయటికి రావాల్ననిపిస్తె హాలియా అవతల మా చిన్నమ్మ ఉంటది. గొర్లోళ్ల గూడెం. గుర్వమ్మ అంటె ఎవరన్న చూపిస్తరు."

ఇది నాకెందుకు చెప్పిందో. నాకేం అవసరం.


ఆషాఢం, అమాస

దొరసానమ్మ ఇయ్యాల అడిగింది, "ఆ ఆడిమనిషి ఎట్లుంది ఈదీ? పరదాల నుంచి సరిగ అవుపడలే" అని. చెప్పిన. బొటనవేలు సంగతి చెప్పలే.


శ్రావణం, రెండో శుక్రవారం

వరలక్ష్మి పూజ ఇద్దరమే చేసినం. ముత్తైదువలు ఎవ్వలు రాలే. తాంబూలం నా చేతుల పెట్టింది దొరసానమ్మ. గిట్ల ఎన్నడు లేదు. కండ్లకు అద్దుకున్న. ఇంత పెద్ద మనసున్న తల్లి కాడ బతుకుతున్న, ఇంకేం కావాలె.

సుక్కను పంపే మాట మళ్ల ఎత్తలే. పెండ్లే ఆగిందేమో. ఆమె మరిచిపోయిందేమో. మరిచిపోయే ఉంటది.


శ్రావణం, బహుళ అష్టమి

నిన్న జరిగింది రాయనీకి నిన్న చేతకాలే.

పొద్దు నెత్తి మీదికి రాకముందు ఊర్ల కేకలు. ఐలేశం ఉరికొచ్చిండు. రజాకార్లు, పోలీసులు లారీలు ఊరి బయట ఆపి నడిచి వస్తాండ్రని, గింజలు తీసుకున్నోళ్ల ఇండ్లు కాలవెడుతరని చెప్పిండు. దొర పంపిన మనుషులు ఇండ్లు చూపించనీకి వాళ్ల ముంగట నడుస్తున్నరట. మొగోళ్లు గుట్టలల్లకు పోయిండ్రు. ఆడోళ్లు పిల్లలను సంకనేసుకొని ఎటు పోవాల్నో తెల్వక గడి ముంగట కమ్ముకున్నరు. మేడ కిటికీలకెల్లి చూసినం. ఏడుపు గోడ దాటి వస్తాంది.

దొరసానమ్మ చానసేపు చూసింది. నాకు గట్ల అనిపించింది, నిజానికి రెప్పపాటే కావచ్చు. అప్పుడన్నది: "ఐలేశంను దర్వాజ తెరువుమను."

"అమ్మా?"

"రెండు రెక్కలు తెరువుమను. ఆడోళ్లను, పిల్లలను లోపలికి తోలుమను. దొర గడి మీదికి దొర దోస్తులు రారు గద." ఆగి, "వస్తె నేను పోయి నిలవడుత. నాకు చీర కట్టు ఈదీ" అన్నది.

నాకు సమజు కాలే. ఆమెనే చెప్పింది. "మామూలు చీరల పోతె నన్ను ఎవరనుకుంటరు? నా మొఖం ఎవలకు తెలుసు? దొరసాని అని చూడంగనే తెల్వాలె. పెండ్లినాటి లెక్క తయారు చెయ్."

తలంటినంక దొరసానమ్మను పండుగకు తయారు చేయాల్నంటె పూటంత పడుతది. నిన్న ఊర్ల కేకలు వినుకుంట చేసిన. బనారసు చీర కుచ్చిళ్లు పెడుతుంటె వేళ్లు వాటికవే నడిచినయి. నడుముకు వడ్డాణం, జబ్బలకు వంకీలు, మెడల గుండ్లపేరు, దాని మీద కాసులపేరు. జడల నాగరం పెట్టిన. కండ్లకు కాటుక పెడుతుంటె ఆమె రెప్ప కదల్లే. ఒక్కటే మాట అడిగింది: "వాకిలి దాటినంక మెట్లు ఎన్నుంటయి? ముసుగు లేకుండ నడిచి ఎరుక లేదు, తూలుతనేమో."

"నేను పక్కన్నే ఉంట" అన్న.

అప్పుడే ముసలామె ఒకామెను లోపలికి తోలుకొచ్చింది. సైదమ్మ. ఊరోళ్లను గుట్టలల్లకు పంపనీకి వచ్చి తానే చిక్కుకున్నది. కాలికి దెబ్బ తాకి రక్తం కారుతాంది. తుపాకి ఎక్కడ్నో పారేసిందట. ఆమె పేరు, ఆమె అంగీ వాళ్లకు తెలుసట. దొరికితే ఏం చేస్తరో ఎవలు చెప్పాల్సిన పని లేదు.

దొరసానమ్మ సైదమ్మను చూసింది. పరదా లేకుండ చూసుడు అదే మొదలు.

"ఈదీ, దీనికి నీ చీర కట్టు" అన్నది.

కట్టిన. అంగీ పొయ్యిల వేసిన. కాలు కడిగి గుడ్డ చుట్టి, మీదికెల్లి చీర అంచు జార్చిన. జుట్టుకు నూనె రాసి నా లెక్క ముడేసిన. చేతికి పాన్ ఉమ్మే పీకుదాని ఇచ్చిన. "తల వంచుకొని దొరసానమ్మ ఎనుక నిలవడు. తల ఎత్తకు. దాసి మొఖం ఎవలు చూడరు" అని చెప్పిన.

"తెలుసు," అన్నది సైదమ్మ. "నేను మరిచిపోలే."

మెట్లు దిగినం. వాకిలంత ఆడోళ్లు. దొరసానమ్మను చూసి వాళ్ల ఏడుపు ఆగిపోయింది. పిల్లలు సుత సప్పుడు చేయలే. వాళ్లకు ఆమె ఒక మాట, ఒక పేరు, గంతే. గా పేరు నడిచి వచ్చింది. నేను తయారు చేసిన మనిషినే నేను నోరు తెరిచి చూసిన. నగలు కాదు. ఆమె నడక. ఎన్నడు నడువని జాగాల ఎప్పటిసందో నడుస్తున్నట్టు నడిచింది. దర్వాజ గడప మీద నిలవడ్డది. ముసుగు లేదు. ఎండ నేరుగ మొఖం మీద పడ్డది.

రజాకార్లు వచ్చిండ్రు. ముంగటున్న జమేదారు ఆమెను చూసి ఆగిండు. ఎనుకున్నోళ్లు ఒకరి మీద ఒకరు పడ్డరు. జమేదారు కండ్లు కిందికి దించిండు. ఆయనకు సుత గోష తెలుసు.

"దొరసాని సాబ్, మీరు లోపలికి పోండి. మాకు ఊరోళ్లతోటే పని" అన్నడు.

"ఊరి ఆడోళ్లు నా గడిల ఉన్నరు. నా గడిలకు మా దొర లేకుండ మొగోళ్లు రారు."

"మీ దొరగారు పంపితెనే వచ్చినం."

"అయితే ఆయనను తోలుకొని రాండి. ఆయన ముంగట నడిస్తె నేను పక్కకు జరుగుత. ఆయన లేకుండ మీరు గడప దాటితె, పరాయి మొగోళ్లు తన ఇంటి ఆడోళ్ల మీదికి పోయిండ్రని పట్నంల ఆయనే నలుగురికి చెప్పుకోవాల్సి వస్తది. గది మీకు మంచిదా, ఆయనకు మంచిదా?"

గొంతు పెంచలే. నాతోటి నూనె గిన్నె అందియ్యుమన్నప్పుడు ఎట్లుంటదో గట్లనే ఉంది.

ఒకడు నా దిక్కు వేలు పెట్టి, "ఈళ్లెవరు?" అన్నడు.

"నా దాసీలు" అన్నది. పక్కకు చూడకుండనే పీకుదాని కోసం చేయి చాపింది. సైదమ్మ తల వంచుకొని పట్టింది. దొరసానమ్మ అందుల ఉమ్మింది. నోట్ల పాన్ లేదు. గది నాకు, సైదమ్మకే ఎరుక. వాడు మొఖం తిప్పుకున్నడు.

జమేదారు తన మనుషులకు చెయ్యి ఊపిండు. తర్వాత ఎనుకకు తిరిగిండు. పోయేటప్పుడు ఊరి చివర కొన్ని గుడిసెలు కాలవెట్టిండ్రు. పొగ గడి మీదికెల్లి పోయింది. మనుషులకు ఏం కాలే. ఒక్క ప్రాణం పోలే.

మేడ ఎక్కుతుంటె బనారసు చీర దొరసానమ్మ కాళ్లకు తట్టుకున్నది. నేను, సైదమ్మ చెరో దిక్కు పట్టుకున్నం. మెట్ల మీదనే కూసున్నది. సైదమ్మ వంగి ఆమె పాదం ముట్టబోయింది. "వద్దు," అన్నది దొరసానమ్మ. "నువ్వు ముట్టకు."

దేవతలు ఇట్లుంటరేమో. నా చేతులతోటి నగలు తీసి పెట్టెల పెట్టుకుంట అనుకున్న, ఈ తల్లి కాళ్ల కాడ సచ్చినా మంచిదే.


శ్రావణం, అమాస

సైదమ్మ కాలు మానకముందే పోయింది. నా చీరలనే పోయింది.


భాద్రపదం, పున్నమ

ఆకాశంల విమానాలు. చప్పుడుకు బర్లు తాళ్లు తెంపుకున్నయి. నిజాం లొంగిపోయిండట, హిందు యూనియన్ ఫౌజు పట్నంలకు వచ్చిందట. ఐలేశం అంటున్నడు, "రాజ్యం మారింది." దొరసానమ్మ అడిగింది, "మారితె ఏమయితది ఐలేశం?" వాడు నెత్తి గీక్కున్నడు.


ఆశ్వయుజం, సద్దుల బతుకమ్మ తెల్లారి

దొర వచ్చిండు. మోటరు ముంగట ఫౌజు లారీ. ఆయన నెత్తిన తెల్ల టోపీ ఉంది. మొదట గుర్తు పట్టలే. నన్ను చూసి, "ఏందే ఈదీ, గడి మంచిగ చూసుకున్నవా" అన్నడు. నవ్విండు. నేను నేలను చూసిన.

గడప మీద నిలవడ్డ సంగతి ఆయనకు ఎవరో చెప్పిండ్రు. తలుపు మూసి దొరసానమ్మతోటి మాట్లాడిండు. గొంతు పెద్దగయింది. ఆమె గొంతు వినవడలే. తర్వాత నేను పోయేసరికి అద్దం ముంగట కూసున్నది. దువ్వుమన్నది. దువ్విన.

పెండ్లి కార్తీకంలనేనట. ముహూర్తం మారలే. ఏది మారలే.


ఆశ్వయుజం, బహుళ తదియ

మాట్లాడిన. ఇయ్యాల కాకుంటె ఇంకెన్నడు కాదనిపించింది. రజాకార్ల ముంగట నిలవడ్డ తల్లికి ఇదెంత పని.

"అమ్మా, సుక్కను నాకాడ ఉంచుండ్రి."

ఆమె చదివే పుస్తకం పక్కన పెట్టింది. "నువ్వు నా ఎంట రాలేదా ఈదీ? నీకేం తక్కువ చేసిన?"

"ఏం తక్కువ లేదమ్మా." అది నిజమే.

"నీకు దుఃఖమయితదని నాకెరుక. నేను సుత బిడ్డను పంపుతున్న. ఆడిమనిషిని ఇస్తమని దొర మాటిచ్చిండు. మాట తప్పితె గాడ మంజులతకు చిన్నతనం."

"మంజులతమ్మ పెండ్లి చేసుకొని పోతాంది గదమ్మా."

నా నోట్లెకెల్లి ఎట్లొచ్చిందో తెల్వదు. ఆమె మొఖం పాలిపోయింది.

"సుక్క ఎవరి బిడ్డో నాకు తెల్వదనుకున్నవా?" అన్నది మెల్లగ. "తెలిసే నా ఇంట్ల పెంచిన. నా బిడ్డ పక్కన కూసోవెట్టి అన్నం పెట్టించిన. గంతకంటె నన్ను అడుగకు. నాకాడ లేదు."

తుపాకులకు భయపడలే. గీ మాట నా దిక్కు చూసుకుంట అనలేకపోయింది. నేను చూసిన.


ఆశ్వయుజం, బహుళ పంచమి

సుక్కకు మంచిదే. పెద్ద గడి.


ఆశ్వయుజం, బహుళ షష్ఠి

సుక్క అడిగింది, "అమ్మా, గాడ దొర ఎట్లుంటడే?" అని.

దాని ఈడుల ఈ గడి దొర ఎట్లుంటడో నాకు ఎవలు చెప్పలే.


ఆశ్వయుజం, బహుళ నవమి. ఏ ఊరో తెల్వదు, దేవరకొండ దాటినం

బుక్కు నడుముకు కట్టుకొని వచ్చిన.

మొన్న పగటీలి దొర దేవరకొండ కచేరికి పోయిండు. దొరసానమ్మ జడ అల్లుతున్న. సగమయింది. అద్దంల ఆమె కండ్లు కిందికున్నయి.

"అమ్మా, నేను పోతున్న. సుక్కను తోలుకొని" అన్న.

కండ్లెత్తింది. అద్దంలనే చూసుకున్నం ఇద్దరం. ఆలంపూర్ల తుంగభద్ర ఒడ్డుకు ఆమెతోటి చెంబు పట్టుకొని పోయిననాటి సంది ఎన్నిసార్లు ఆ మొఖం చూసిన్నో. ఆమె నన్ను గట్ల చూసుడు అదే మొదలు.

"ఎటు?"

అబద్ధం చెప్పొచ్చు. ఆమెకు అబద్ధం చెప్పుడు నాకు రాదు. "హాలియా అవతల. గొర్లోళ్ల గూడెం."

"దొర అడుగుతడు. నేను చెప్పాలె."

"చెప్పుండ్రి అమ్మా."

ఏడుస్తదనుకున్న. కోపం చేస్తదనుకున్న. మొఖం మళ్ల కిందికి దించి, "జడ సగంల ఉన్నది. అల్లి పో" అన్నది.

అల్లిన. ఎన్నడు అల్లనంత మంచిగ అల్లిన. కొసకు కుచ్చులు కట్టి, ఆమె పాదాలకు మొక్కి లేసిన. తల మీద చేయి పెట్టలే. వద్దని సుత అనలే.

ముందటి దర్వాజ కాడికి పోయినం. ఐలేశం అడిగిండు, "ఏడికే?"

"బయటికి."

దొరసానమ్మ పని మీద అనుకున్నడు. తెరిచిండు.

సుక్క చేయి పట్టుకొని నడిచిన. ఊరు దాటినంక అది ఆగిపోయింది. సుట్టూత తిరిగి చూసింది. "అమ్మా, గోడ ఏడున్నదే?" అన్నది. "లేదు బిడ్డా" అన్న. "అవతల సుత లేదా?" "లేదు." ఆకాశం నేల మీద ఆనే జాగా చూపించి, "మరి గదేంది?" అన్నది. నాకు సుత ఎట్ల చెప్పాల్నో తెల్వలే. చిన్ననాడు చూసిన, మరిచిపోయిన. ఆకాశం గింత ఉంటదా. అన్ని దిక్కులకు. ఎవలు ఆపకుండ. ఇద్దరం రాయి మీద కూసోని చూసినం, పారిపోయేటోళ్లం అని సుత మతికిలేకుండ.

దేవరకొండ ఖిల్లా గుట్ట కింద సీతాఫలాలు పండి రాలినయి. సుక్క కడుపునిండ తిన్నది. ఫౌజు లారీ ఒకటి పోయింది. ముళ్లపొదల దాక్కున్నం. మమ్ముల ఎవలు చూడలే.

ఈ ఊర్ల ఒక ముసలామె జొన్నరొట్టె పెట్టింది. ఎవలని అడుగలే. కాళ్లు బొబ్బలెక్కినయి. ఇన్నేండ్లు ఒకరి కాళ్లు ఒత్తిన. నా కాళ్లకు ఇంత నొప్పి వస్తదని తెల్వదు.


ఆశ్వయుజం, దీపావళి అమాస

గూడెం దొరికింది. గుర్వమ్మ దొరికింది. మాటకు ముందే చూసి, "సైది చెప్పిన ఆడిమనిషివి నువ్వేనా?" అన్నది. సైదమ్మ అడివిల ఉన్నదో, జైల్ల ఉన్నదో ఆమెకు తెల్వదట.

గుర్వమ్మ, ఆమె పెనిమిటి కురుమయ్య, నేను, సుక్క ఒక్క సుట్టు కూసోని తిన్నం. నేను లేసి వడ్డించబోతె గుర్వమ్మ చేయి పట్టి కూసోవెట్టింది. "నువ్వు నడిచొచ్చినవు. నేను ఇంటికాడున్న. నేనే పెడుత" అన్నది. అందరు తినకముందు నేను తినుడు ఎన్నడు లేకుండె. ముద్ద చేతుల పట్టుకొని సుక్క తిన్నదాంక ఆగిన. తర్వాత తిన్న.

కప్పుకోనీకి గొంగడి ఇచ్చిండ్రు. గొర్ల వాసన. సుక్క అప్పుడే పండుకున్నది.


కార్తీకం, శుద్ధ విదియ

పొద్దుగాల ఉలికిపడి లేసిన, దొరసానమ్మకు నీళ్లు కాగవెట్టలేదని. బయట గొర్లు కూతపెడుతున్నయి. నీళ్లు ఎవలకు కాగవెట్టాలె? ఆమె తల ఎవరు దువ్వుతున్నరో.


కార్తీకం, శుద్ధ ఏకాదశి

ఐలేశం వచ్చిండు. ఎంట కర్ర పట్టుకున్న ఇంకొకడు. సుక్క గొర్లెంట పోయింది, గూడెంల లేదు. అదొక్కటే నయం.

"నడువు" అన్నడు ఐలేశం. "దొర తోలుకరమ్మన్నడు. రాకుంటె ఈ గూడెపోళ్లు సంగపోళ్లకు అన్నం పెట్టిండ్రని ఫౌజుకు చెప్తమన్నడు."

నా కాళ్లు లేవబోయినయి. నిజంగనే లేవబోయినయి. నా పానం కోసం ఒక గూడెం కాలితె ఎట్ల? గుర్వమ్మ ముంగటికొచ్చింది. కురుమయ్య ఆమెను పక్కకు జరిపి తాను నిలవడ్డడు. పెద్దమనిషి, మెల్లగ మాట్లాడుతడు.

"ఐలేశం, ఫౌజుకు చెప్పుకో. వాళ్లు ఇప్పటికే రెండుసార్లు వచ్చి అన్నీ ఎతికి పోయిండ్రు. నువ్వు కొత్తగ కాలవెట్టేది ఏం లేదు. నీ పని నువ్వు చెయ్యి. కాని సంతల గొర్రెను కొంటె సుత, ఎవలదని ఒక మాట అడిగి తోలుకపోతరు. ఈమెను అడుగు."

"ఏమని అడుగాలె?"

"వస్తవా అని."

ఐలేశం నన్ను చూసిండు. ఇన్నేండ్లు దర్వాజ కాడ నన్ను చూసినోడే. కర్ర పట్టినోడు నవ్విండు, తర్వాత వాడు సుత ఆగిపోయిండు. గొర్ల దొడ్డిల పిల్లలు తల్లుల కోసం కూస్తున్నయి.

"వస్తవా ఈదమ్మా?" అన్నడు.

"రాను" అన్న.

నా గొంతే నాకు కొత్తగ వినవడ్డది.

ఐలేశం అరుగు మీద కూలవడ్డడు. గుర్వమ్మ చల్ల ఇచ్చింది. తాగిండు. అప్పుడు నాదిక్కు చూడకుండనే చెప్పిండు: "గింత ఆలస్యమెందుకయిందో ఎరుకేనా? దొరసానమ్మ మీరు ఆలంపూర్ దిక్కు పోయిండ్రని చెప్పింది. అమ్మగారి ఊరికి పోయి ఉంటదని. గన్ని దినాలు తుంగభద్ర ఒడ్డున తిరిగినం మేము. ఒక గొర్లోడు చెప్తె ఇటొచ్చినం."

నడుముకున్న బుక్కును చేత్తోటి తడిమి చూసుకున్న.

"పెండ్లి?" అన్న.

"అయితది. సుక్క లేకుండనే అయితది. దొర ఇంకెవలన్న ఎతుకుతున్నడు." లేసి, "దొరకు ఏం చెప్పాలె?" అన్నడు.

"అడిగిన, రానన్నది, అని చెప్పు" అన్నడు కురుమయ్య.

వాళ్లు పోయినంక కూసున్న. దొర మళ్ల పంపొచ్చు. ఈసారి అడిగేటోళ్లను పంపకపోవచ్చు. గుర్వమ్మకు చెప్పిన. "వస్తె అప్పుడు చూద్దం. రాగులు విసురుదువు రా" అన్నది.

పొద్దుగూకంగ సుక్క వచ్చింది. మెడ మీద గొర్రెపిల్ల, కాళ్లకు దుమ్ము, నెత్తి జడ ఊడిపోయి మొఖం మీదికొచ్చింది. దారిల ఐలేశం అవుపడ్డడట, దాన్ని చూసి ఏమనకుండ పోయిండట.

"ఐలేశం మామ ఎందుకొచ్చిండే?"

"వస్తవా అని అడిగిండు."

"ఎవల్ని?"

"నన్ను."

అది గొర్రెపిల్లను కిందికి దించింది. నన్ను చూసింది, ఆ దినం ఆకాశాన్ని చూసిన కండ్లతోటి.

"నిన్ను అడిగిండా?" అన్నది.